ఊఫర్ మోగడం లేదా? కాలిపోయిన ఐసీని మార్చే పూర్తి పద్ధతి

హోమ్ థియేటర్‌లో చిన్న స్పీకర్లు మామూలుగానే మోగుతాయి, బేస్ ఇచ్చే పెద్ద స్పీకర్, అంటే ఊఫర్, మాత్రం పలకదు. లేదంటే స్విచ్ వేయగానే పెద్ద హమ్మింగ్ మొదలై వాల్యూమ్ సున్నాకి తిప్పినా ఆగదు. మన ఇళ్లలో ఉండే 2.1, 5.1 సెట్లలో ఈ రెండు కంప్లైంట్లకూ ఎక్కువసార్లు కారణం ఊఫర్‌ను నడిపే పవర్ ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్) పోవడమే. షాపులో దాని ఖరీదు పదుల రూపాయల్లో ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చినవాళ్లు ఒక పూటలో మార్చేసుకోవచ్చు.

అయితే కొత్త ఐసీ వేసిన సెట్ వారం తిరక్కుండా మళ్లీ మూగబోవడం కూడా అంతే మామూలు. పవర్ ఐసీ ఊరికే పోదు. స్పీకర్ కాయిల్ షార్ట్ కావడమో, సప్లై వోల్టేజీ ఎక్కువ కావడమో, వేడి బయటికి పోకపోవడమో వెనక ఏదో ఒకటి ఉంటుంది. అది దొరక్కుండా ఐసీ మారిస్తే రెండో ఐసీ కూడా దండగే. అందుకే ఇక్కడ సోల్డరింగ్ కంటే దానికి ముందు చేసే పరీక్షల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఉదాహరణకు తీసుకున్నది లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్, 5 కాళ్ల టీడీఏ 2030 రకం ఐసీ ఉన్న సెట్. తక్కువ, మధ్య రకం ధరల్లో వచ్చిన సెట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. మీ పెట్టె తేలిగ్గా ఉండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులు ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డు కనిపిస్తే మాత్రం మూత వేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. అందులో కరెంటు వచ్చే వైపు కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు నిలుస్తుంది. అనుభవం లేని చేతులకు అది ప్రాణాపాయం.

తెరవకముందే చెవితో, చేత్తో తెలిసేవి

స్విచ్ వేయగానే ఊఫర్ కోన్ (ముందు కదిలే గిన్నె లాంటి భాగం) ఒక్కసారిగా బయటికో లోపలికో వెళ్లి అక్కడే బిగుసుకుపోయి, పెద్ద హమ్మింగ్ వస్తుంటే వెంటనే ఆపేయండి. అది ఐసీ లోపల షార్ట్ అయి సప్లై డీసీ నేరుగా కాయిల్‌కు పోతున్న గుర్తు. 4 ఓమ్‌ల కాయిల్‌కు 16 వోల్టుల డీసీ తగిలితే 4 ఆంపియర్ల దాకా కరెంటు పారుతుంది. కోన్ కదలదు కాబట్టి గాలి ఆడదు, ఆ వేడికి కాయిల్ చూస్తుండగానే మాడిపోతుంది. "ఇంకోసారి వేసి చూద్దాం" అనుకున్న ప్రతిసారీ ఐసీ ఖర్చు కాస్తా స్పీకర్ ఖర్చుకు దగ్గరవుతుంది. ఇంట్లో ఉన్న మంచి స్పీకర్ ఒకటి తెచ్చి ఆ వైర్లకు తగిలించి చూడటం ఇంకా పెద్ద పొరపాటు, అదీ పోతుంది.

పది నిమిషాలు బాగా మోగి ఆగిపోయి, చల్లారాక మళ్లీ మోగితే ఐసీ పోలేదు. వేడెక్కి తనంతట తానే ఆగుతోంది. ఈ ఐసీల్లో ఆ రక్షణ లోపలే ఉంటుంది. హీట్‌సింక్ (ఐసీ వేడిని లాగే లోహపు ముక్క) స్క్రూ వదులవడమో, పేస్ట్ ఎండిపోవడమో చూసుకుంటే చాలు.

సన్నటి హమ్మింగ్ ఎప్పుడూ ఉండి, పాట కూడా వస్తుంటే సప్లై డీసీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. బేస్ వచ్చినప్పుడల్లా గరగర శబ్దం వస్తే తప్పు స్పీకర్‌లోనే ఉంది: కోన్ చుట్టూ ఉండే ఫోమ్ చిరగడమో, కాయిల్ రాసుకోవడమో. సెట్ మొత్తానికే లైటు వెలగకపోతే ముందు ఫ్యూజ్ చూడాలి.

కావాల్సినవి

డిజిటల్ మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మంచి సోల్డర్ వైర్, లెడ్ (కరిగిన సోల్డర్) పీల్చే పంపు, చిన్న నిప్పర్, హీట్‌సింక్ పేస్ట్, మైకా షీట్ (వేడిని పోనిచ్చి కరెంటును ఆపే పల్చటి పొర). వీటితో పాటు తప్పనిసరిగా ఒక సిరీస్ బోర్డు కావాలి. ఫేజ్ వైరులో 60 లేదా 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బును సిరీస్‌గా పెట్టి, ఆ తర్వాత సాకెట్ ఉండేలా ఎలక్ట్రీషియన్లు కట్టుకునే బోర్డు ఇది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. సెట్ లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి కరెంటును తనే అడ్డుకుంటుంది, కొత్త పార్టులు కాలవు. దాదాపు ఖర్చు లేని ఈ బల్బు ఉంటే రిపేరులో సగం టెన్షన్ ఉండదు.

మొదట స్పీకర్ సంగతి తేల్చండి

ప్లగ్ సాకెట్‌లోంచి పూర్తిగా తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ఫ్యూజ్ దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులు ఉండే అవకాశం ఉంది. వెనక ప్లేటు స్క్రూలు విప్పి మెల్లగా బయటికి లాగండి. వైర్లు పొట్టిగా ఉంటాయి, ఒక్క ఉదుటున లాగితే తెగుతాయి. ఏది ఎక్కడ ఉందో ఫోన్‌తో నాలుగైదు ఫొటోలు తీయండి. ప్లేటు చుట్టూ ఉన్న ఫోమ్ పట్టీ చిరక్కుండా చూడండి, చివర్లో దానితో పనుంది.

పెద్ద కెపాసిటర్లలో ఇంకా ఛార్జ్ ఉండొచ్చు. 100 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌ను ప్లస్‌కు, గ్రౌండ్‌కు మధ్య, తర్వాత మైనస్‌కు, గ్రౌండ్‌కు మధ్య కొన్ని సెకన్లు పట్టుకుంటే ఖాళీ అవుతాయి. స్క్రూడ్రైవర్ పెట్టి టప్పుమనిపించడం మెకానిక్ షాపుల్లో చూసే ఉంటారు. ట్రాక్‌లు కాలతాయి కాబట్టి ఆ పని వద్దు.

స్పీకర్ వైరు రెండు చివరలూ బోర్డు నుంచి విడదీసి ఓమ్‌లలో కొలవండి. 4 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో సుమారు 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది, 8 ఓమ్‌లది 6 నుంచి 7 దాకా. మీటర్ ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. 4 ఓమ్‌లది 1 లేదా 2 చూపిస్తే కాయిల్ చుట్లు మాడి అతుక్కుపోయాయి, ఐసీని కాల్చింది ఇదే కావచ్చు. తర్వాత పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని వైర్లకు క్షణం తాకించండి. కోన్ 'టక్' మని ముందుకో వెనక్కో కదలాలి. చివరగా కోన్‌ను రెండు చేతుల వేళ్లతో నాలుగు వైపులా సమానంగా లోపలికి నొక్కండి. ఎక్కడా రాసుకున్న చప్పుడు రాకూడదు. లోపల మాడిన వాసన వస్తే మీటర్ బాగానే చూపించినా నమ్మొద్దు.

కాయిల్ పోయిందని తేలితే ముందు దాని సంగతి చూడాలి. స్పీకర్లకు కాయిల్, కోన్ మార్చే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. 5, 6 అంగుళాల మామూలు ఊఫర్‌కైతే కొత్త స్పీకర్ కొనడమే నయం. కొనేటప్పుడు సైజు ఒక్కటే కాదు, ఓమ్‌లు కూడా పాతదానివే ఉండాలి. 8 ఓమ్‌లది ఉన్నచోట 4 ఓమ్‌లది పెడితే శబ్దం పెరుగుతుంది, దాంతోపాటే ఐసీ మీద భారం కూడా.

ఐసీ పోయిందా లేదా

2.1 సెట్ బోర్డు మీద హీట్‌సింక్‌కు బిగించిన ఐసీలు సాధారణంగా మూడు ఉంటాయి: రెండు చిన్న స్పీకర్లవి, ఒకటి ఊఫర్‌ది. కొన్ని సెట్లలో ఊఫర్‌కే రెండు కలిసి పనిచేస్తాయి. ఊఫర్ వైరును వెనక్కి అనుసరించి ఏది దానిదో గుర్తించండి. పక్కన బాగా పనిచేస్తున్న ఐసీ ఉండటం మంచిదే. అనుమానం వచ్చిన ప్రతి కొలతనూ దానితో పోల్చుకోవచ్చు.

అక్షరాలు మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి 1, 2 ఇన్‌పుట్లు, 3 మైనస్ సప్లై, 4 అవుట్‌పుట్, 5 ప్లస్ సప్లై. వెనక ఉన్న లోహపు రేకు లోపల 3వ కాలితో కలిసి ఉంటుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ప్లగ్ తీసి, స్పీకర్ విడదీసి ఉండగానే 4కు 5కు మధ్య, 4కు 3కు మధ్య ఓమ్‌లు కొలవండి. ఏదో ఒకచోట సున్నాకి దగ్గరగా చూపిస్తే ఐసీ షార్ట్ అయినట్టే. తొందరపడకుండా అవుట్‌పుట్ నుంచి సప్లైలకు వేసిన 1ఎన్4001 లేదా 4007 డయోడ్లను కూడా చూడండి. వాటిలో ఒకటి షార్ట్ అయినా కొలత ఇలాగే వస్తుంది. అదే ఊపులో ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలోని నాలుగు డయోడ్లనూ డయోడ్ మోడ్‌లో చూస్తే మంచిది. ఒకవైపు 0.5 నుంచి 0.7 వరకు రావాలి, తిప్పి పెడితే ఏమీ రాకూడదు.

ఫ్యూజ్ పోయి ఉంటే దాని గాజును గమనించండి. లోపల తీగ మామూలుగా తెగి ఉంటే చిన్న ఓవర్‌లోడ్. గాజు నల్లగానో వెండి పూత పూసినట్టో మారితే లోపల గట్టి షార్ట్ ఉంది, కొత్త ఫ్యూజ్ వేసి స్విచ్ నొక్కితే అదీ పోతుంది.

షార్ట్ ఏమీ కనబడకపోతే స్పీకర్ లేకుండానే సిరీస్ బోర్డు ద్వారా కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారాలి. నిండుగా వెలుగుతూనే ఉంటే ఆపేయండి, షార్ట్ ఎక్కడో మిగిలి ఉంది. మసకబారితే మల్టీమీటర్ నల్ల వైరు గ్రౌండ్‌కు తగిలించి 5, 3, 4 కాళ్ల వోల్టేజీలు చూడండి. మామూలు సెట్‌లో 5 దగ్గర ప్లస్ 16, 3 దగ్గర మైనస్ 16 అటూ ఇటూగా, 4 దగ్గర దాదాపు సున్నా ఉండాలి. 4 దగ్గర చాలా వోల్టులు ఉంటే స్పీకర్ తగిలించకూడదు. ఐసీ కాళ్లు దగ్గరగా ఉంటాయి. మీటర్ మొన జారి 4నూ 5నూ కలిపితే అప్పటిదాకా బాగున్న ఐసీ కూడా పోతుంది. అదే ట్రాక్ మీద దూరంగా ఉన్న డయోడ్ కాలి దగ్గరో కెపాసిటర్ కాలి దగ్గరో కొలవడం క్షేమం.

కొన్ని బోర్డుల్లో మైనస్ సప్లై ఉండదు, స్పీకర్‌కు ముందు ఒక పెద్ద కెపాసిటర్ వరుసలో ఉంటుంది. వాటిలో 4వ కాలి దగ్గర సప్లైలో సగం ఉండటమే సరైనది, దాన్ని చూసి కంగారు పడొద్దు.

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి శబ్దం లేకపోతే ఐసీని వదిలేసి దానికి ముందున్న భాగం వెతకాలి. స్పీకర్ తగిలించి, బేస్ కంట్రోల్ మధ్య కాలిని స్క్రూడ్రైవర్ మొనతో తాకితే 'బుర్ర్' మని రావాలి. వస్తే తర్వాతి భాగమంతా బాగున్నట్టే. రాకపోతే 8 కాళ్ల 4558 ఐసీ చూడండి. ఎక్కువ, తక్కువ ఫ్రీక్వెన్సీల శబ్దాలను వేరుచేసి బేస్ మాత్రమే ఊఫర్‌కు పంపేది అదే. దాని 8వ కాలికి ప్లస్, 4వ కాలికి మైనస్ రావాలి. చాలాసార్లు ఐసీ బాగానే ఉండి, దానికి సప్లై ఇచ్చే రెసిస్టరో జీనర్ డయోడో కాలి ఉంటుంది.

కొత్త ఐసీ కొనే ముందు వోల్టేజీ లెక్క

ఈ భాగం ఎవరూ పట్టించుకోరు, తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య వైరుకు అటూ ఇటూ 12 వోల్టులు ఇచ్చేది) ఏసీని డీసీగా మారిస్తే లెక్క ప్రకారం ప్లస్ మైనస్ 16 వోల్టులు. కానీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడ్ లేనప్పుడు పదో వంతుకు పైగా ఎక్కువే ఇస్తాయి. దానికి తోడు రాత్రి పూట లైన్ వోల్టేజీ 250 దగ్గరికి వెళ్లడం మనకు కొత్త కాదు. అప్పుడు అదే సప్లై 19 దాకా పోతుంది. టీడీఏ 2030 తట్టుకోగలిగేది ప్లస్ మైనస్ 18 మాత్రమే. పాట ఆపి సెట్ ఆన్‌లో వదిలేస్తే పొద్దున్నకల్లా పోయిందనే ఫిర్యాదుకు ఇదొక కారణం.

చివర 'ఏ' ఉన్న టీడీఏ 2030ఏ అయితే ప్లస్ మైనస్ 22 వరకు, టీడీఏ 2050 అయితే 25 వరకు, ఎల్ఎం 1875 అయితే 30 వరకు తట్టుకుంటాయి. నాలుగింటికీ కాళ్ల వరుస ఒకటే, మామూలు హోమ్ థియేటర్ బోర్డుల్లో మార్పు లేకుండా కూర్చుంటాయి. 12-0-12 సెట్‌కు 2030ఏ సరిపోతుంది. 15-0-15 ఉంటే నేనైతే 2050 కానీ 1875 కానీ వేస్తాను. తట్టుకునే శక్తి ఎక్కువని శబ్దం పెరగదు, అది సప్లై మీదా స్పీకర్ మీదా ఆధారపడేది. ఇంతకీ టీడీఏ 2030 డేటాషీట్ ప్రకారం ప్లస్ మైనస్ 14 వోల్టుల మీద 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఇచ్చేది 14 వాట్లు. అట్టపెట్టె మీద వేలల్లో రాసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ) వాట్లు అట్టపెట్టెకే పరిమితం.

పార్టులు హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరులో ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. ఈ ఐసీల్లో నకిలీలు విపరీతం. ఒరిజినల్ కంపెనీ లోగో ఉన్నంత మాత్రాన ఒరిజినల్ కాదు. అక్షరాలు వేలితో రుద్దితే చెదిరిపోయినా, వెనక రేకు మరీ పల్చగా ఉన్నా అనుమానించండి. నమ్మకమైన షాపులో నాలుగు రూపాయలు ఎక్కువైనా రెండు కొనుక్కోవడం మేలు. పాత సెట్ల నుంచి తీసిన ఐసీ బాగుంటే, కొత్త నకిలీ కంటే అదే ఎక్కువ కాలం వస్తుంది.

అదే చేత్తో ఒకటి రెండు పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు కూడా తెచ్చుకోండి. తల ఉబ్బినవీ, అడుగున జిగురులా కారినవీ మార్చాల్సిందే. 2200 మైక్రోఫారడ్ 25 వోల్టులది ఉంటే 2200 మైక్రోఫారడ్ 35 వోల్టులది అడగండి, 105 డిగ్రీలది అయితే ఇంకా మంచిది. బేస్ పెరుగుతుందని 10,000 మైక్రోఫారడ్ వేసేవాళ్లు ఉన్నారు. స్విచ్ వేసిన క్షణంలో అది లాగే కరెంటుకు చిన్న డయోడ్లు ఓర్చుకోలేవు.

తీయడం, బిగించడం

పాత ఐసీని కాపాడుకోవాల్సిన పని లేదు. నిప్పర్‌తో ఐదు కాళ్లనూ బాడీ దగ్గర కత్తిరించి ఐసీని తీసేయండి. తర్వాత ఒక్కో కాలి ముక్కనూ విడిగా వేడిచేసి లాగితే తేలిగ్గా వస్తుంది. ఐదింటినీ ఒకేసారి పీకాలని చూస్తే ఈ చవక బోర్డుల మీద రాగి ట్రాక్ పైకి లేచిపోతుంది. లెడ్ పాతబడి కరగకపోతే మొండిగా వేడి చేయకుండా కొంచెం కొత్త లెడ్ తాకించండి, రెండూ కలిసి కరుగుతాయి. పంపుతో రంధ్రాలు శుభ్రం చేయండి. ట్రాక్ ఎక్కడైనా లేచిపోతే దాని మీదుగా సన్నని రాగి తీగ అతికిస్తే సరిపోతుంది.

కొత్తది వేసే ముందు చుట్టుపక్కల పార్టులు ఒకసారి కొలవండి. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 ఓమ్ రెసిస్టర్, దానితో వరుసలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. ఆ రెసిస్టర్ మాడి ఉంటే ఐసీ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అయి వేడెక్కి పోయిందన్నమాట, రెండూ మార్చండి. 2వ కాలి నుంచి గ్రౌండ్ వైపు వెళ్లే దారిలో సాధారణంగా 22 మైక్రోఫారడ్ చిన్న కెపాసిటర్ ఉంటుంది. పావలా వస్తువని వదిలేయకండి. అది లీక్ అయితే అవుట్‌పుట్ దగ్గర డీసీ చేరుతుంది.

ఇప్పుడు వరుస ముఖ్యం: ముందు ఐసీని హీట్‌సింక్‌కు స్క్రూతో బిగించి, ఆ తర్వాతే కాళ్లు సోల్డర్ చేయాలి. తిరగేసి చేస్తే స్క్రూ బిగించేటప్పుడు కాళ్ల మీద ఒత్తిడి పడి సోల్డర్ పగులుతుంది. పాత పేస్ట్ గుడ్డతో తుడిచి, కొత్తది పల్చటి పొరగా రాయండి. ముద్దలా పెడితే వేడి ఇంకా తక్కువ పోతుంది.

పాత ఐసీ వెనక మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ వాషర్ ఉంటే రెండూ తప్పక తిరిగి పెట్టండి. రేకులో మైనస్ సప్లై ఉంటుందని పైన చెప్పింది ఇందుకే. హీట్‌సింక్ గ్రౌండ్‌కు కలిసి ఉన్న సెట్‌లో మైకా మరిచిపోతే స్విచ్ వేయగానే షార్ట్. బిగించాక మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి రేకుకూ హీట్‌సింక్‌కూ మధ్య చూడండి, మోగకూడదు. పాతదానికి మైకా లేకపోతే కొత్తదానికీ అక్కర్లేదు. కాకపోతే ఆ హీట్‌సింక్ ప్లేటుకు కానీ ఇంకో వైరుకు కానీ ఎక్కడా తగలకూడదు.

సోల్డర్ అయ్యాక పక్కపక్క కాళ్ల మధ్య లెడ్ కలిసిపోలేదని వెలుతురులో చూసుకోండి.

కరెంటు ఇవ్వడం

స్పీకర్ తగిలించొద్దు. సిరీస్ బోర్డుతో ఇవ్వండి, బల్బు వెలిగి మసకబారాలి. అవుట్‌పుట్ దగ్గర డీసీ చూడండి. మైనస్ సప్లై ఉన్న బోర్డులో కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది, అర వోల్టు దాటితే స్పీకర్ జోలికి పోకుండా మళ్లీ వెతకండి. అన్నీ బాగుంటే ఆపి, స్పీకర్ తగిలించి, బల్బు ఉండగానే తక్కువ వాల్యూమ్‌లో పాట పెట్టండి. బేస్ దెబ్బకు బల్బు మినుకుమంటే ఫర్వాలేదు.

తర్వాత బల్బు తీసి నేరుగా పెట్టి అరగంట మామూలు శబ్దంలో మోగించండి. ఆపి, ప్లగ్ తీసి హీట్‌సింక్ ముట్టుకోండి. వేలు ఉంచగలిగేంత వేడి ఉంటే సరే. వేలు పెట్టలేనంత ఉంటే స్క్రూ, పేస్ట్, స్పీకర్ ఓమ్‌లు మూడూ మళ్లీ చూడాలి. ఫ్యూజ్ హోల్డర్ దగ్గర రాసి ఉన్న ఆంపియర్లదే వేయండి. ఫ్యూజ్ బదులు తీగ చుట్టిన సెట్లలో తర్వాతి వంతు ట్రాన్స్‌ఫార్మర్‌ది, దాని ఖరీదుకు ఇలాంటి ఐసీలు బోలెడు వస్తాయి.

స్పీకర్ వైర్లు వెనక బిగించేటప్పుడు ఒక్క పోగు కూడా పక్కదానికి తగలకుండా మెలితిప్పి పెట్టండి. నకిలీ ఐసీలున్న సెట్లలో అలాంటి ఒక్క పోగు చాలు. సెట్‌ను టీవీ కింద మూసి ఉన్న చెక్క అరలో పెట్టి మీద గుడ్డ కప్పే అలవాటు ఉంటే మానేయండి. హీట్‌సింక్ పెట్టె లోపలే ఉన్న మోడళ్లకు వెనక కనీసం జానెడు ఖాళీ కావాలి.

చివరగా ప్లేటు మూసేటప్పుడు ఫోమ్ పట్టీ సరిగ్గా కూర్చోవాలి. చిరిగిపోతే తలుపులకు అతికించే ఫోమ్ టేప్ వాడొచ్చు. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. బేస్ పాట పెట్టి ప్లేటు అంచుల చుట్టూ అరచేయి తిప్పితే గాలి కారే చోటు తెలుస్తుంది. గాలి రావాల్సింది పోర్ట్ రంధ్రం నుంచి మాత్రమే. అంచుల నుంచి బుసబుసమంటుంటే అక్కడి స్క్రూ ఇంకో అర చుట్టు తిప్పండి.